రౌలెట్ చక్రం మోసం చేయదు

గోవా కాసినోల్లో రౌలెట్, అంటే తిరిగే చక్రంలో గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట, ఆడి వచ్చినవాళ్లు మా ఆదోనిలో రెండు రకాలు. డబ్బుతో తిరిగివచ్చినవాళ్లు పద్ధతి గురించి చెబుతారు. ఖాళీ జేబుతో వచ్చినవాళ్లు అయస్కాంతం గురించి చెబుతారు. మా అత్తకొడుకు, అంటే మా బావ, రెండూ చెప్పాడు. మొదటి రాత్రి పద్ధతి పనిచేసిందట, రెండో రాత్రి అయస్కాంతం పనిచేసిందట.

"బల్ల కింద మీట ఉంటుంది బావా. ఎరుపు మీద పందేలు ఎక్కువ పడ్డాయంటే గోళీని నలుపు గడిలోకి లాగేస్తారు. లేకపోతే వరసగా ఏడుసార్లు ఎరుపు పడకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు. అంగడిలో ఉన్నవాళ్లంతా తలలూపారు. పత్తి తూకంలో ఏమేం జరుగుతాయో కళ్లారా చూసినవాళ్లు కాబట్టి, మోసం అనే మాట వింటే వెంటనే నమ్ముతారు.

నేను కమీషన్ అంగడిలో ఖాతాలు రాసేవాణ్ణి. నాకు నమ్మబుద్ధి కాలేదు. కాసినోవాళ్లంటే గౌరవం ఉండి కాదు, వాళ్లకు ఆ శ్రమ అనవసరం కాబట్టి. పైగా చక్రం నిజాయితీగా తిరిగితేనే వాళ్ల వ్యాపారం నడుస్తుంది. ఆట దొంగాట అనుకునేవాడు పైకి జాగ్రత్తపరుడిలా కనిపిస్తాడు. నిజానికి అతనికి ఇంకా ఆశ చావలేదు. దొంగబల్ల ఉందంటే ఎక్కడో మంచిబల్ల కూడా ఉన్నట్టే కదా! ఆ మంచిబల్ల దొరికితే గెలుస్తానని అతని నమ్మకం. నా పేచీ ఆ నమ్మకంతోనే.

ముప్పై ఏడుకు ముప్పై ఆరు

తూకం చీటీ వెనక గీసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. చక్రం మీద 1 నుంచి 36 వరకు నంబర్లు, సగం ఎరుపు, సగం నలుపు. వాటితోపాటు ఆకుపచ్చ రంగులో ఒక సున్నా. మొత్తం 37 గడులు. ఒకే నంబరు మీద 100 రూపాయలు పెట్టి అది పడితే, పెట్టిన 100 వెనక్కి ఇచ్చి, పైన 3,500 ఇస్తారు. చేతికి 3,600 వస్తుంది. చూడటానికి ఉదారంగానే ఉంటుంది.

ఇప్పుడు 37 గడుల మీదా తలా 100 పెట్టామనుకుందాం. ఖర్చు 3,700. గోళీ ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, ఎక్కడ ఆగినా మనకొచ్చేది 3,600. ఓడిపోయే ప్రశ్నే లేని పందెంలో వంద రూపాయలు పోయాయి. రౌలెట్ మొత్తం ఆ వంద రూపాయల్లోనే ఉంది.

"ఒక్క నంబరు మీద ఎవడు పెడతాడు, గీత మీద పెట్టాలి" అని మా బావ వాదన. రెండు నంబర్ల మధ్య గీత మీద చిప్పు (డబ్బుకు బదులు వాడే బిళ్ల) పెడితే ఒకటికి 17 ఇస్తారు. మూడు నంబర్ల వరసకు 11, నాలుగు గడులు కలిసే మూలకు 8, ఆరు నంబర్లకు 5, పన్నెండు నంబర్లకు 2, రంగుకో సరి బేసికో అయితే ఒకటికి ఒకటి. దేన్నయినా తీసుకోండి. మూలనే చూద్దాం. ప్రతి గడీ ఒక్కొక్కసారి పడిందనుకుంటే 37 ఆటలకు ఖర్చు 3,700. నాలుగుసార్లు గెలుస్తాం, గెలిచినప్పుడల్లా పెట్టిన వందతో కలిపి 900 వస్తుంది. నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు. మళ్లీ 3,600! ఎరుపు అయితే పద్దెనిమిది గెలుపులు, గెలుపుకు 200. అదీ 3,600. బల్ల మీద ఇన్ని గీతలు, ఇన్ని పేర్లు, ఇన్ని రకాల పందేలు కనిపిస్తున్నా, ధరపట్టీలో ధర ఒక్కటే, నూటికి 2 రూపాయల 70 పైసలు.

అమెరికా పద్ధతి చక్రంలో సున్నా పక్కన రెండు సున్నాల గడి ఇంకొకటి ఉంటుంది. చెల్లింపులు మాత్రం మారవు. అక్కడ పోయేది నూటికి 5 రూపాయల 26 పైసలు. ఆ బల్ల మీద మాత్రం అన్నిటికన్నా అన్యాయమైన పందెం ఒకటుంది. 0, 00, 1, 2, 3 అయిదింటినీ కలిపి కడితే ఒకటికి ఆరే ఇస్తారు, నూటికి దాదాపు 7 రూపాయల 90 పైసలు పోతాయి. దాన్ని కోరి కట్టేవాళ్లు ఉన్నారంటే, బల్ల దగ్గర ఎవరూ లెక్క వేయరని అర్థం. ఫ్రెంచి పద్ధతి పాటించే బల్లల మీద సున్నా పడితే రంగు పందెంలో సగం తిరిగి ఇస్తారు, అక్కడ పోయేది 1 రూపాయి 35 పైసలే.

2.7 అంటే పెద్ద సంఖ్యేమీ కాదు. మా వీధిలో ఏ కమీషన్‌దారును అడిగినా నవ్వుతాడు. కానీ కమీషను దేని మీద కడుతున్నామో చూడాలి. రైతు లాటు ఒక్కసారి అమ్ముతాడు, ఒక్కసారి కమీషను కడతాడు. అదే లాటును కొని, అమ్మి, మళ్లీ కొని, మళ్లీ అమ్ముతూ ప్రతిసారీ కమీషను కడుతూ పోతే సాయంత్రానికి పత్తి ఎవరిదవుతుంది? రౌలెట్లో కమీషను జేబులో ఉన్న డబ్బు మీద కాదు, తిప్పిన డబ్బు మీద. గంటకు నలభైసార్లు చక్రం తిరిగిందనుకుందాం. ఆటకు వెయ్యి చొప్పున నాలుగు గంటలు కూర్చుంటే బల్ల మీద తిరిగిన సొమ్ము 1,60,000. అందులో 37వ వంతు 4,324 రూపాయలు. మనిషి జేబులో పదివేలతోనే వెళ్లి ఉండవచ్చు. "నేను పదివేలే పెట్టాను" అని అతను ప్రమాణం చేసి చెప్పినా అబద్ధం కాదు. కాసినో ఖాతాలో మాత్రం లక్షా అరవై వేలు.

మట్కా కన్నా మేలు, చిక్కంతా అక్కడే

మా ప్రాంతంవాళ్లకు రౌలెట్ కన్నా ముందు మట్కా తెలుసు. ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరు, ఎక్కడ పట్టుకున్నా చీటీలు రాసే బీటర్ల అరెస్టు వార్త పత్రికలో ఒక మూల ఉంటుంది. అసలు మట్కా పుట్టిందే పత్తి రేట్ల మీద. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజీలో పత్తి ఏ ధరతో మొదలై ఏ ధరతో ముగుస్తుందో ఆ అంకెల మీద బొంబాయిలో పందేలు కాసేవారు. 1961లో ఆ రేట్లు రావడం ఆగిపోయాక, 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ నంబర్లు తీయడం మొదలుపెట్టారు. పత్తితో బతికే మా ఊరికి ఆ పత్తి జూదమే వచ్చి పట్టుకుంది.

మట్కా లెక్క చాలా మోటు. ఒక్క అంకె కడితే పదింట ఒకసారి తగలాలి. రూపాయికి తొమ్మిదే ఇస్తారు. జోడీ, అంటే రెండంకెలు, అయితే నూటికి ఒకసారి తగలాలి. ఊరిని బట్టి ఎనభై నుంచి తొంభై ఇస్తారు. అంటే కమీషను నూటికి పది నుంచి ఇరవై. పైగా ఎక్కువమంది కట్టిన నంబరు పడదన్న అనుమానం మట్కా కట్టే ప్రతివాడికీ ఉంటుంది.

దాని పక్కన రౌలెట్ దేవాలయం లాంటిది. కళ్ల ముందే గోళీ తిరుగుతుంది, కళ్ల ముందే ఆగుతుంది, గెలిచినవాడికి అక్కడికక్కడే చెల్లిస్తారు. కమీషను కూడా మట్కాలో తీసుకునేదానిలో దాదాపు పావు వంతే. నాతో వాదించినవాళ్లలో తెలివైనవాడు ఈ మాటే అన్నాడు: "మట్కాలో పోగొట్టుకునేకన్నా ఇది మంచిది కదా?"

ఆ ప్రశ్న నన్ను కొంచెంసేపు ఆపింది. ఒక్క పందెం వరకు చూస్తే అతను చెప్పింది నిజమే. కానీ జోడీ మీద వెయ్యి కట్టినవాడికి ఆ రోజు సగటు నష్టం, ఎనభై లెక్కన, 200 రూపాయలు. చీటీ రాయించి, నంబరు వచ్చేదాకా తన పని తాను చేసుకుంటాడు. రౌలెట్ బల్ల దగ్గర ఆటకు వెయ్యి పెట్టినవాడి నష్టం పైన చూశాం, నాలుగు గంటలకు 4,324. మోటు మోసం మనిషిని త్వరగా విసిగించి పంపేస్తుంది. మర్యాదగల ఆట కూర్చోబెడుతుంది. మధ్యమధ్య నిజంగానే గెలిపిస్తుంది కూడా. నాలుగు గంటల తర్వాత లాభంతో లేచేవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు, వాళ్ల కథలే మా వీధి దాకా వస్తాయి.

రెట్టింపు

ఇక మా బావ పద్ధతి. ఎరుపు మీద వంద పెట్టు. పోతే రెండొందలు, పోతే నాలుగొందలు, అలా గెలిచేదాకా రెట్టింపు చేస్తూ పో. ఎప్పుడు గెలిచినా పోయినదంతా వచ్చి పైన వంద మిగులుతుంది. దీనికి మార్టింగేల్ అని పేరు, యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఉంది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దీన్ని తామే కనిపెట్టామనుకుంటారు. మా బావ కూడా అలాగే చెప్పాడు.

వరసగా ఏడుసార్లు పోయిందంటే 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400, మొత్తం 12,700 పోయినట్టు. ఎనిమిదో పందేనికి 12,800 కావాలి. జేబు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా బల్ల మీద ఇంతకు మించి కాయకూడదన్న పరిమితి పలక ఉంటుంది. వరసగా ఏడు పోయే అవకాశం ఎంతో చూస్తే సుమారు 106లో ఒకటి. అంటే 105 సార్లు వంద చొప్పున 10,500 సంపాదిస్తాడు, 106వ సారి 12,700 ఇచ్చేస్తాడు. నిజమే, 105 సార్లు పద్ధతి పనిచేసింది! మనిషి గుర్తుపెట్టుకునేది వాటినే.

నూటారులో ఒకటంటే అరుదు అనిపిస్తుంది. కానీ ఈ పద్ధతిలో ఒక్కో విడత సగటున రెండు ఆటల్లో ముగిసి మళ్లీ మొదలవుతుంది. గంటకు నలభై ఆటల చొప్పున నాలుగు గంటల్లో డెబ్భై ఎనభై విడతలు పడతాయి. వాటిలో ఎక్కడో ఒకచోట ఆ ఏడు ఓటముల వరస తగిలే అవకాశం సగానికి కొంచెం ఎక్కువే. మొదటి రాత్రి తగల్లేదు, రెండో రాత్రి తగిలింది. అయస్కాంతానికి ఇందులో పనేమీ లేదు.

వరసలు ఇంకా పొడుగ్గా కూడా వస్తాయి. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటీ కార్లో కాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. "ఇక ఎరుపు పడక తప్పదు" అంటూ జనం ఎగబడి లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు. అయిదో నలుపు తర్వాత గోళీకి సిగ్గు వేయదు, పదిహేనో నలుపు తర్వాత జాలి వేయదు. ముందు ఆటలో ఏం పడిందో గోళీకి తెలియదు.

చక్రం చెడితే నష్టం ఎవరికి?

అయినా మీట ఉండకూడదని ఏముంది అంటారా? అడ్డదారి బల్లలు ఎక్కడా లేవని నేను అనను. లైసెన్సున్న కాసినోకు ఆ పని ఎందుకు గిట్టదో మాత్రం చెప్పగలను. రౌలెట్‌ను నిజంగా గెలిచినవాళ్ల చరిత్ర చూస్తే, ఎక్కువచోట్ల చక్రంలో ఏదో లోపం దొరికాకే గెలిచారు.

1880ల మొదట్లో జోసెఫ్ జాగర్ అనే యార్క్‌షైర్ జౌళి మిల్లు మనిషి మాంటీ కార్లో వెళ్లాడు. ఇరుసుల మీద తిరిగే యంత్రాలతో పనిచేసినవాడికి ఏ చక్రమూ పూర్తిగా సమంగా తిరగదని తెలుసు. మనుషులను పెట్టి రోజుల తరబడి పడిన నంబర్లు రాయించి, ఒక చక్రంలో కొన్ని గడులు ఎక్కువగా పడుతున్నాయని పట్టుకుని పెద్ద మొత్తం గెలుచుకున్నాడు. వంద సంవత్సరాలు దాటాక, 1990ల మొదట్లో గొన్సాలో గార్సియా పెలాయో మాడ్రిడ్ కాసినోలో అదే పని కంప్యూటర్ సాయంతో చేశాడు. వేల ఫలితాలు రాసుకుంటే గానీ తేలని తేడా అది. 1961లో ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ అనే ఇద్దరు గణిత మేధావులు ఇంకో దారి తొక్కారు. గోళీ వేగాన్ని కాలి వేలితో మీట నొక్కి కొలిచి, అది చక్రంలో ఏ వైపు పడుతుందో చెవిలో చెప్పే చిన్న కంప్యూటర్ తయారుచేసి లాస్ వేగాస్ తీసుకెళ్లారు. తర్వాత అలాంటి పరికరాలను లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం చట్టంతో నిషేధించింది.

అంటే చక్రం ఏ కొంచెం వంకరగా ఉన్నా ఆ వంకరను పసిగట్టే ఆటగాడు లాభపడతాడు, కాసినో నష్టపోతుంది. అందుకే చక్రాన్ని పరీక్షిస్తూ, సరిచేస్తూ, మారుస్తూ ఉంటారు. బల్ల పక్కన వెలుగుతూ ఉండే పలకను చూశారా? ఇంతకుముందు పడిన నంబర్లన్నీ అందులో వరసగా కనిపిస్తాయి. కాసినో ఖర్చు పెట్టుకుని మనకిచ్చే సమాచారం అది. దానితో గెలవగలిగితే పెడతారా? మా బావ ఆ పలక చూసే ఎరుపు వంతు వచ్చిందని లెక్కగట్టాడు.

జాగ్రత్తపరుడి నష్టం

ఇక్కడ నాకే నచ్చని ఒక లెక్క ఉంది. మా వీధిలో మంచివాడంటే చిన్న మొత్తాలతో, నిదానంగా, హద్దుల్లో వ్యాపారం చేసేవాడు. రౌలెట్ దగ్గర ఆ గుణమే ముంచుతుంది. చేతిలో 20,000 ఉంది, 40,000 చేయాలి అనుకుందాం. మొత్తం ఒకేసారి ఎరుపు మీద పెట్టేస్తే గెలిచే అవకాశం 48.6 శాతం. అదే డబ్బును ఆటకు 200 చొప్పున పెడుతూ, రెట్టింపయ్యేదాకానో పూర్తిగా పోయేదాకానో ఆడితే? అర శాతం కూడా లేదు. 224 మందిలో ఒక్కడు నెగ్గుతాడు.

2004లో యాష్లే రెవెల్ అనే లండన్ యువకుడు ఆస్తులన్నీ అమ్మి 1,35,300 డాలర్లు తీసుకుని లాస్ వేగాస్ వెళ్లి మొత్తం ఎరుపు మీద పెట్టాడు. ఎరుపే పడింది. డబ్బు తీసుకుని వచ్చేశాడు. అతన్ని పిచ్చివాడనే అంటాం, నేనూ అంటాను. కానీ లెక్క ప్రకారం, రాత్రంతా రెండేసి వందలు పెడుతూ "అదుపులో ఆడుతున్నాను" అనుకునేవాడికన్నా అతనే తక్కువ కమీషను కట్టాడు. కాసినోకు కావలసింది అదుపులో ఆడేవాళ్లే. గోవాలో మాండవి నది మీద ఉండే కాసినో ఓడల్లో ప్రవేశ రుసుములోనే భోజనం, పాటలు కలిపి ఇచ్చేది ఎక్కువసేపు కూర్చోబెట్టడానికే.

వినోదం కోసం వెళ్తాం, సినిమా టికెట్ అనుకుంటాం అనేవాళ్లతో నాకు పెద్ద తగాదా లేదు. టికెట్ ధర ఎంతో తెలుసుకుని వెళ్తే చాలు. అది తిప్పిన సొమ్ములో 37వ వంతు. సినిమా మూడు గంటలకు అయిపోతుందన్న తేడా ఒకటుంది.

సేద్యం జూదం కాదా?

ఈ వాదన ఇక్కడ ఎప్పుడు మొదలైనా చివరికి ఒక పెద్దమనిషి ఇలా అంటాడు: "వాన మీద ఆధారపడి పత్తి వేయడం జూదం కాదా? జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం వెతికేవాళ్లది జూదం కాదా? దాన్నెవరూ తప్పనరే!"

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పత్తి రైతు నేల చూసుకుంటాడు, అదును చూసుకుంటాడు, పక్క చేను చూసి నేర్చుకుంటాడు. తెలివి పెరిగితే అతని అవకాశం ఎంతో కొంత పెరుగుతుంది. జొన్నగిరిలో ఎర్రమట్టి మీద వంగి రాళ్లు ఏరుకునేవాడికి ఏ నేలలో వెతకాలో, ఏ ఎండలో మెరుపు కనిపిస్తుందో క్రమంగా తెలుస్తుంది. రౌలెట్లో ముప్పై ఏళ్ల అనుభవజ్ఞుడికీ మొదటిసారి వచ్చినవాడికీ వచ్చేది అదే 36. నా జవాబులో లోటేమిటంటే, వరసగా రెండు సంవత్సరాలు వాన తప్పిన రైతుకు ఈ తేడా చెప్పి ఓదార్చలేను. అప్పు అతనికీ అంతే, బల్ల దగ్గర కూర్చున్నవాడికీ అంతే.

చట్టం సంగతికి వస్తే, మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో దాన్ని ఆన్‌లైన్ ఆటలకూ వర్తింపజేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నేను దాన్ని సమర్థిస్తాను. ఫోనులో చక్రం తిరగడానికి నిమిషంన్నర అక్కర్లేదు, కమీషను సెకన్ల మీద పడుతుంది. కానీ అవగాహన పేరుతో చెప్పే మాటల్లో అన్నిటినీ కలిపి "మోసాలు" అనడం నాకు నచ్చదు. మోసం అని విన్న కుర్రవాడు ఇంటికి వెళ్లి మోసం లేని ఆట కోసం వెతుకుతాడు.

అంతకన్నా ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో సంభావ్యత దగ్గర ఈ 3,700, 3,600 లెక్క ఒకటి చేర్చితే బాగుంటుందని తెలిసిన అధ్యాపకుడితో అన్నాను. కాలేజీలో జూదం నేర్పుతున్నారని తల్లిదండ్రులు గొడవ చేస్తారన్నాడు ఆయన. ఆ పాఠంలో 52 ముక్కల పేకకట్ట నుంచి ఆసు వచ్చే అవకాశం ఎంత అనే లెక్క నేను చదువుకున్నప్పటి నుంచీ ఉంది. దాని మీద ఎవరూ గొడవ చేసినట్టు నేను వినలేదు.